మంచులో పిట్ట అడుగులు

నవంబర్ 11

బుడ్డీ,

నీ నోటుబుక్కులోనే రాస్తున్నాను. ముందు పేజీల్లో నీ కార్డుల బొమ్మలున్నాయి, వాటి జోలికి పోలేదు. వెనక నుంచి మొదలుపెట్టాను. ఏడో తరగతితో ఆగిన చేయి. ఇరవై ఏళ్లుగా ఇస్త్రీ పెట్టె తప్ప ఏదీ పట్టలేదు. అక్షరాలు వంకర పోతున్నాయి. నవ్వకు.

నువ్వు పోయి పదిహేను రోజులు. మూడో రోజు పిట్టకు పెట్టాం. ముట్టలేదు. పదకొండో రోజు మళ్లీ పెట్టాం — కోడికూర, గారెలు, నువ్వు తాగే మామిడిపండు జూసు కూడా. నాంపల్లి స్టేషన్ తీగల మీద ఎన్ని కాకులు... మన పిట్టగోడ మీదికి ఒక్కటి రాలేదు. ఎండలో రెండు గంటలు నిలబడ్డాం. మీ అత్త గౌలిగూడ నుంచి వచ్చి తనే వండింది, తనే విస్తరిలో పెట్టింది. తల్లి కన్నీళ్లు మెతుకుల్లో పడకూడదంట, నన్ను పొయ్యి దగ్గరికి రానివ్వలేదు. ఆఖరుకు తనే విసిగిపోయి అన్నది —

"పోరి పానం దేని మీదనో ఉండిపోయింది వదినా. జర యాది చేస్కో. ఏమన్న అడిగిందా నిన్ను?"

ఏమడిగావో నాకు తెలుసు. చెప్పలేదు.


నవంబర్ 13

ఈ రోజు ఊరికే ఒక ముద్ద గోడ మీద పెట్టి చూశాను. ఎండి రాయి అయింది. చీమ కూడా పట్టలేదు.


నవంబర్ 15

ఆబిడ్స్ పోయి వచ్చాను, నీ గ్రీటింగ్ కార్డుల సేటు దగ్గరికి. క్రిస్మస్‌కు ఇస్తానని నువ్వు ఒప్పుకున్న అరవై కార్డులు ఇక రావని చెప్పడానికే పోయాను.

అద్దం వెనక నీ పోయినేటి కార్డు ఇంకా ఉంది. నీలం ఆకాశం, చర్చి, కప్పు మీద ఉబ్బెత్తుగా తెల్ల మంచు. వేలితో ముట్టబోయాను, అద్దం తగిలింది. సేటు లేచి కుర్చీ వేశాడు. నీళ్లు తెప్పించాడు. "బచ్చి సంగతి తెలిసిందమ్మా. కార్డుల ఫికర్ పెట్టుకోకు, నేను ఎట్లనో చూస్కుంట" అన్నాడు. అంతే కదా కావలసింది. దండం పెట్టి రావాలి.

నా నోరు వేరే మాట అన్నది. డిసెంబర్ పదిహేను లోపల తెస్తానన్నది. గబగబా, ఊపిరి తీసుకోకుండా — నువ్వు మాట్లాడినట్టు. సేటు ఒక్క క్షణం నా ముఖంలోకి చూశాడు. నేను కూడా ఎవరన్నారా అని చూశాను.


నవంబర్ 17

అల్మారా మీది అట్టపెట్టె దింపాను.

న్యూస్‌పేపర్ల మధ్య నలభై నీలం కార్డులు. అన్నింటి మీదా నువ్వు తెల్లరంగు వేసి ఆరబెట్టి పెట్టావు. ఇళ్ల కప్పుల మీద, చెట్ల కొమ్మల మీద, నేల మీద. ఇప్పుడది సున్నం కొట్టినట్టు పలచగా, చదునుగా ఉంది. వేడి చూపిస్తే గానీ లేవదు. నువ్వే చెప్పావు — పెనంలో పూరీ ఎట్లా పొంగుతుందో గట్లా పొంగుతదే అమ్మా, అందుకే పొంగే పెయింట్ అంటాం అని. మంచు ఎన్నడూ చూడనిదానివి మంచు ఎట్లా చేస్తావే అని అడిగాను. నువ్వు చూసినవా మరి, తప్పని ఎట్లంటవ్ అన్నావు.

అడుగున ఒక తెల్ల కార్డు. బొమ్మ లేదు, రంగు లేదు. మరిచిపోయి పెట్టినట్టున్నావు.

రంగు సీసా మూతి పూడుకుపోకుండా నువ్వు గుచ్చిన గుండుసూది అట్లాగే ఉంది. లాగాను. సూది కొసన తెల్లటి బొట్టు. తడిగా.

మూడు వారాలు దాటింది... ఎండిపోవాలి కదా.


నవంబర్ 18

ఒకటి పాడు చేశాను. నలభైలో ఇప్పుడు ముప్పై తొమ్మిది.

నా పనే నన్ను ముంచింది. ఇస్త్రీ అంటే ఒత్తడం. బట్ట మీద ఎంత బరువు పెడితే అంత మడత. కార్డు మీద కాగితం వేసి అలవాటుగా ఒత్తాను. ఎత్తి చూస్తే మంచంతా కాగితానికి అంటుకుని వచ్చింది, చర్మం ఊడినట్టు. కింద ఇల్లు ఒక్కటే మిగిలింది, కప్పు బోసిగా.

నువ్వు అట్లా ఒత్తేదానివి కాదు. ఇస్త్రీ పెట్టెను బోర్లా కాకుండా పక్కకు తిప్పి, కార్డు వీపు వైపు నుంచి, తాకీ తాకకుండా... పడుకున్న పసిపిల్ల నుదుటి మీద చేయి పెట్టి జ్వరం చూసినట్టు.

జ్వరం మాట ఎందుకు రాశాను.


నవంబర్ 20

వచ్చింది బుడ్డీ. పొంగింది.

మధ్యాహ్నం బట్టల మూట తగ్గాక, ఇస్త్రీ బండి దగ్గర కాదు, ఇంట్లోనే చేశాను. బొగ్గులు సగం ఆరనిచ్చి, కార్డు వెనక వైపు చూపించాను. నాలుగు అంకెలు లెక్కపెట్టేలోపల కదిలింది. ముందు అంచులు, తర్వాత నడుమ. కప్పు మీది మంచు ఊపిరి పీల్చుకున్నట్టు పైకి వచ్చింది. చిన్న చప్పుడు కూడా ఉంది దానికి. చెవి దగ్గర పెట్టుకుంటే వినబడుతుంది, మెతుకులు ఉడికేటప్పుడు అడుగున వచ్చే చప్పుడు. నువ్వు నాకెప్పుడూ చెప్పలేదు.

రెండోది చేశాను. మూడోది చేశాను.

మూడో దాని మీద నేల మంచులో కొన్ని చోట్ల పొంగలేదు. ముందుకు మూడు గీతలు, వెనక్కి ఒకటి. మళ్లీ ముందుకు మూడు, వెనక్కి ఒకటి. పిట్ట కాళ్లు. కార్డు ఎడమ అంచున మొదలై, కుడి అంచు దాకా నడిచి వెళ్లాయి.

వేడి చూపించకముందు అక్కడ ఏమీ లేదు. దీపం దగ్గర పెట్టి చూసిన దాన్నే కదా.


నవంబర్ 21

ఓనర్ ఆంటీకి చూపించాను. గుంటూరు మనిషి, దేనికీ జడవదు. కళ్లజోడు పైకి జరిపి చూసింది. "ఏముందమ్మాయ్ ఇందులో? రంగు పచ్చిగా ఉన్నప్పుడు మీ పిల్ల మేడ మీద ఆరబెట్టి ఉంటుంది, కాకి తొక్కి ఉంటుంది. నువ్వు అన్నం తిని పడుకో ముందు" అన్నది.

అదే అయి ఉంటుంది.

కానీ కాకి మన పిట్టగోడ మీదికి రాదు కదా. నీ కార్డుల మీదికి వచ్చిందా?


నవంబర్ 22

ఈ రోజు పదకొండు చేశాను. తొమ్మిదింటి మీద అడుగులు.


నవంబర్ 24

రాయకపోతే లోపల కుళ్లుతుంది. రాస్తాను.

నీకు జ్వరం తగలడానికి ముందు రోజు సాయంత్రం నువ్వు నా ఇస్త్రీ పెట్టె తీసుకుని కార్డులు పొంగించి చూశావు. అడుగున రంగు అంటుకుంది. తుడవలేదు. పొద్దున నేను చూసుకోలేదు. వకీలు సారు నల్లకోటు, కోర్టుకు వేసుకునేది, దాని భుజం మీద పెట్టె ఆనించాను — తెల్లగా మరక. పదేళ్ల గిరాకీ. ఆయన ఏమీ అనలేదు, చేతి మీద వేసుకుని అట్లాగే వెళ్లిపోయాడు. అనకపోయే సరికి నాకు ఇంకా తల కొట్టేసినట్టయింది.

ఇంటికి వచ్చి నిన్ను అన్నాను. వాడకట్టంతా విన్నది. "నీ మంచు మన నోట్ల మన్ను కొట్టింది. ఇయ్యాల నీకు బువ్వ లేదు పో" అన్నాను.

ఇంకొక్క ఇస్త్రీ పెట్టె కొనియ్యవే అమ్మా, నాకంటూ చిన్నది, కార్డులకే — అని నువ్వు నెలరోజులుగా అడుగుతున్నావు. ఆ పూట కూడా అడిగావు. మీ అత్తకు చెప్పనిది అదే.

నువ్వు చెప్పులేసుకుని బయటికి వెళ్లావు. మధ్యాహ్నం పన్నెండు దాటాక వచ్చావు. గోడ వైపు తిరిగి పడుకున్నావు. కోడిగుడ్డు పులుసు మూత పెట్టి ఉంది, నీకోసమే వండింది. అలిగావనుకున్నాను. బయట ఏదో తిని వచ్చావనుకున్నాను. లేపలేదు.

సాయంత్రం ఒళ్లు ముట్టుకుంటే కాలుతోంది. ఆ తర్వాత దవాఖానలో నాలుగు రోజులు సూదిలోంచి పోయిన నీళ్లే. నా చేతి ముద్ద లేదు.

ఆ గుడ్డు తెల్లారి కుక్కకు వేశాను.


నవంబర్ 26

రేపు నీ నెల. మీ అత్త ఫోన్ చేసింది. కోడి తెస్తానన్నది. సరే అన్నాను.


నవంబర్ 27

కాకి వచ్చింది. ఎదురింటి నీళ్ల ట్యాంకు మీద కూర్చున్నది. ఒక్కటే. విస్తరి వైపు చూడలేదు. నా వైపు చూసింది. అందరూ కావ్ కావ్ అని పిలిచారు, మీ నాయన చేతులు జోడించాడు, ఆ మనిషి ఎన్నడూ ఎవరికీ జోడించనివాడు. అది మెడ ఒక పక్కకు వంచింది — చెప్పిన మాట నాకు అర్థం కానప్పుడు నువ్వు వంచినట్టు.

ఎగిరిపోయింది.

మీ అత్త విస్తరి మడిచి, ఇక ఆవుకు పెడదాం పా అన్నది.


డిసెంబర్ 1

నీవన్నీ అయిపోయాయి. ఇక నా వంతు. సేటుకు ఇంకా ఇరవై ఒకటి కావాలి, మిగిలిన నీలం అట్టలు ఇరవైకే సరిపోయాయి.

నీ ముందు పేజీల్లోని ఇళ్లు చూసి గీశాను. రంగు సీసా నొక్కడం పిండి వడియాలు పెట్టినట్టే ఉంది, అది నాకు వచ్చు. నా మంచు మంచులా లేదు. పెరుగన్నం లెక్క ఉంది. నువ్వు ఉంటే పొట్ట పట్టుకుని నవ్వేదానివి.

ఒక రోజు ఆరాలంట. మేడ మీద పెట్టలేదు. మంచం మీద దుప్పటి పరిచి వరసగా పేర్చాను. కిటికీ మూశాను. తలుపు గడియ పెట్టి, తాళం కూడా వేసి బండి దగ్గరికి పోయాను.


డిసెంబర్ 2

నా వాటి మీద కూడా.

ఇరవైలో ఇరవై.


డిసెంబర్ 3

మీ నాయనకు చూపించాను. ఆయన లాడ్జి డ్యూటీ నుంచి అప్పుడే వచ్చాడు. ఒక్కటి చేతిలోకి తీసుకున్నాడు, వెలుతురుకు పెట్టాడు, బోర్లించి పెట్టాడు. "సేటుకు ఇచ్చెయ్. ఇంట్ల ఉంచకు" అన్నాడు. కాళ్లు కడుక్కోవడానికి పోయాడు. నల్లా చాలాసేపు తిప్పే ఉంచాడు.

నేను అన్నీ నేల మీద పరిచాను. ఊరికే పరిచాను... ఎట్లా వస్తే అట్లా. తర్వాత చూస్తే ఒక కార్డు కుడి అంచున ఆగిన కాలు ఇంకో కార్డు ఎడమ అంచున మొదలవుతుంది. ఇది దాని పక్కన, అది దీని పక్కన. జరుపుకుంటూ పోయాను. అడుగులు లేనివి నీవి కొన్ని మిగిలాయి, వాటిని పక్కన పెట్టాను. మిగతావి ఒకే వరసలో కుదిరాయి. నీవి ముందు, తర్వాత నావి. నీ మంచులోంచి నా మంచులోకి నడిచి వచ్చింది.

ఆఖరి కార్డులో కాలు సగమే ఉంది. ఆ పక్కన పెట్టడానికి ఇంకేం లేదు. అడుగున దొరికిన తెల్ల కార్డు తప్ప.

పెట్టాను. అంచులు కలిశాయి.


డిసెంబర్ 6

వకీలు సారు వచ్చాడు. అప్పటినుంచి బండి దగ్గరికి రాలేదు. అదే కోటు తెచ్చాడు. కొత్తది కుట్టించుకున్నాడంట, ఇది ఇంట్లో చలికి వేసుకోవడానికంట, జర ముడతలు తీయమ్మా అన్నాడు.

భుజం మీద మరక సన్నగా, బూడిద రంగులో ఉంది. తడిబట్ట వేసి పెట్టె ఆనించాను. తీశాను.

పొంగింది.

ఒకసారి కాలిన రంగు మళ్లీ పొంగదని నువ్వే చెప్పావు. నల్ల బట్ట మీద తెల్లగా లేచింది. ముందుకు మూడు, వెనక్కి ఒకటి. రెండు కాళ్లు, పక్కపక్కన, మెడ వైపు తిరిగి. భుజం మీద వాలి చెవిలో ఏదో చెప్పబోయినట్టు.

సారు వంగి చూశాడు. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. "ఉండనీయమ్మా, తీయకు" అన్నాడు. కొంచెం ఆగి, నీ బిడ్డ ఆ దినం కోర్టుకు వచ్చింది తెల్సా అన్నాడు.

తెలియదు. నాకు తెలియదు బుడ్డీ.

ఎండన పడి వచ్చిందమ్మా, మెట్ల కాడ నిలబడి కోటు తనవల్లే ఖరాబైంది, మా అమ్మ తప్పు లేదు సార్, గిరాకీ బంద్ చెయ్యకుండ్రి అన్నది — అని చెప్పాడు. ముఖం వాడిపోయి ఉందంట. క్యాంటీన్‌లో ఏదన్నా తిను బిడ్డా అన్నాడంట. నువ్వు అన్న మాట ఆయన నోటితో విన్నాను.

"వద్దు సార్. మా అమ్మ తిడ్తది గానీ పెడ్తది. ఇంటికి పోయి తింట."


డిసెంబర్ 7

పెడ్తది.

పెట్టలేదు.


డిసెంబర్ 9

పిట్ట ఎందుకు ముట్టలేదో ఇప్పుడు తెలిసింది. మూడుసార్లూ మీ అత్త చేతి వంట. మీ అత్త చేతి వడ్డన. ఒకనాడు నేను ఊరికే పెట్టిన ముద్ద కూడా నీకోసం వండింది కాదు. నువ్వు ఇంటికి వచ్చి పడుకుని ఎదురు చూస్తున్నావు, అంతే.

మీ అత్తకు ఫోన్ చేశాను. ఈ ఇరవై ఏడుకు నేనే వండుతాను, నేనే పెడతాను అన్నాను. "కండ్లల్ల నీళ్లు ఆగుతయా నీకు?" అన్నది. ఆగుతాయన్నాను. ఆపుతాను.


డిసెంబర్ 14

సేటుకు కార్డులు ఇచ్చి వచ్చాను. యాభై తొమ్మిది.

ఒక్కొక్కటి తీసి చూశాడు. అడుగుల మీద వేలు పెట్టాడు. ఇది ఎవరు నేర్పిన్రమ్మా, ఇట్లా ఎవరూ చేయరు, ఈ సంవత్సరం ఇవే ముందు పోతాయి అన్నాడు. ఒకటి తక్కువైంది సేటూ అన్నాను. ఆ తెల్లది సంచిలోనే ఉంది, తీయలేదు.

"తక్కువ ఏంది? బచ్చి ముందే చెప్పింది కదా. అరవై చేస్త, యాభై తొమ్మిదే ఇస్త, ఒకటి మా అమ్మకు అన్నది."

ఆబిడ్స్ నుంచి ఇంటికి ఎట్లా వచ్చానో తెలియదు. సంచి ఛాతీకి పట్టుకునే వచ్చాను. స్టేషన్ దగ్గర తీగల మీద కాకులు. అన్నీ అటు తిరిగి ఉన్నాయి. ఒక్కటి ఇటు.


డిసెంబర్ 17

తెల్ల కార్డును ఏటవాలుగా వెలుతురుకు పెట్టి చూశాను. ఉంది. తెల్ల మీద తెల్ల. గీతలు ఉన్నాయి. బొమ్మా, అక్షరాలా... వేళ్లతో తడిమాను. ఇస్త్రీ పెట్టె కాల్చి కాల్చి నా వేళ్లు మొద్దుబారాయి. వాటికి చదువు రాదు.

వేడి చూపిస్తే లేస్తుంది. నాలుగు అంకెలు లెక్కపెడితే చాలు.

లేచాక? ఇంక నీ దగ్గర నుంచి లేవాల్సింది ఏమీ ఉండదు.


డిసెంబర్ 20

బొగ్గులు వేశాను. ఆరిపోనిచ్చాను.


డిసెంబర్ 23

మీ నాయన అడిగాడు, ఏముందట అందులో అని. తెలియదన్నాను. తిట్టిందా అన్నాడు. అడిగి తనే బయటికి పోయాడు. చాలాసేపటికి వచ్చి, నన్నయితే తిట్టదు లే అన్నాడు.


డిసెంబర్ 25

సేటు ఫోన్ చేసి కార్డులన్నీ పోయాయని చెప్పాడు. ఎవరెవరి ఇళ్లకు పోయాయో. ఎవరి గోడ మీద ఏ అడుగు ఉందో. వరస చెదిరిపోయింది.

ఆఖరిది నా దగ్గర.


డిసెంబర్ 27

పొద్దున్నే తలంటుకున్నాను. కోడిగుడ్డు పులుసు వండాను. ఆ రోజు వండినట్టే, చింతపండు కొంచెం ఎక్కువ, బెల్లం ముక్క. అన్నం మెత్తగా, నీకు ఇష్టమైనట్టు. ఒక్క చుక్క కన్నీరు పడలేదు. పొయ్యి ముందు కొంగు నోట్లో కుక్కుకుని నిలబడ్డాను.

మీ అత్త మెట్ల దగ్గర కూర్చుంది. మీ నాయన ఆమె వెనక. పైకి రాకండి అన్నాను.

పిట్టగోడ మీద విస్తరి వేసి నా చేత్తో పెట్టాను. గుడ్డు రెండుగా తుంచాను. పక్కన తెల్ల కార్డు పెట్టి, గాలికి పోకుండా అంచున నీ రంగు సీసా గుండుసూదితో విస్తరికి గుచ్చాను. ఇస్త్రీ పెట్టె తేలేదు. నేను లేపను. నీ ఇష్టం ఉంటే నువ్వే లేపుకో అనుకున్నాను.

చలికాలం ఎండ. చేయి పెడితే వెచ్చగా కూడా లేదు.

విస్తరికి వీపు పెట్టి కూర్చుని రాస్తున్నాను. పెద్దలు చూడొద్దంటారు, నిలబడి చూస్తే పిట్ట రాదంటారు. ఇన్నిసార్లూ చూశాం. ఈసారి చూడను.

ఎంతసేపయిందో.

చప్పుడు. మెతుకులు ఉడికేటప్పుడు అడుగున వచ్చే చప్పుడు. గోడ మీద నుంచే.

కార్డు పొంగుతోంది. ఎండకు పొంగదు కదా... తిరగను. తిరిగితే చదవాలి. చదివితే అయిపోతుంది.

రెక్కల చప్పుడు.

మీ అత్త మెట్ల మీద లేచి నిలబడింది. నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. నన్ను చూడడం లేదు, నా వెనక చూస్తోంది. మీ నాయన తల తిప్పుకున్నాడు.

విస్తరి కదిలింది. గాలి లేదు.

నేను తిరగడం లేదు బుడ్డీ. తొందర లేదు. ఎవరూ తిట్టరు. అమ్మే పెట్టింది.

కడుపు నిండా తిను.